చెయ్యి దూరే సందు: నల్లగొండ నుంచి కురుమూర్తి దాకా

శుక్రవారం, నల్లగొండ

మా మేనత్త కొడుకుకి నల్లగొండలో మోటార్ రీవైండింగ్ షాపు ఉంది. పనంతా బోరు మోటార్లదే. లో వోల్టేజీకి కాలిపోయిన సబ్‌మెర్సిబుల్ మోటార్లను రైతులు ట్రాలీ ఆటోల్లో తెచ్చి దింపుతారు. బావ పాత రాగి తీగ పీకేసి, కొత్తది చుట్టి, వార్నిష్ పట్టించి పంపిస్తాడు. కొన్నేళ్లుగా ఇంకో పని కూడా తగులుకుంది. ఎగ్జిబిషన్లకూ జాతరలకూ వచ్చే రైడ్లు గానీ, కదిలే బొమ్మలు గానీ మొరాయిస్తే ఫోను ఆయనకే వస్తుంది. కార్తీకంలో కురుమూర్తి జాతరకు పోవాలి, దారిలో కొన్ని చోట్ల ఆగాలి, వస్తావా అంటే సంచీ సర్దుకుని నల్లగొండ బస్సెక్కాను.

నేను వెళ్లేసరికి బల్ల మీద ఒక వైపర్ మోటార్ విప్పి ఉంది.

"ఇదేంది బావా, లారీదా?"

"డైనోసార్‌ది. దవడ ఆడిచ్చే మోటార్."

ఎగతాళి అనుకున్నాను. నిజంగానే అంత. ఎగ్జిబిషన్లలో కళ్లార్పి, మెడ తిప్పి, నోరు తెరిచే ఆ రబ్బరు జంతువుల లోపల ఉండేవి ఎక్కువగా బండి అద్దం తుడిచే రకం మోటార్లే. 24 వోల్టుల డీసీ కరెంటుతో నడుస్తాయి. వేగం తక్కువ, లాగే బలం ఎక్కువ, దొరకడం సులువు. ఈ బొమ్మల తయారీకి పెద్ద కేంద్రం చైనాలోని సిచువాన్ రాష్ట్రంలో ఉన్న జిగాంగ్ పట్టణం. ఆ చుట్టుపక్కల నిజం డైనోసార్ల ఎముకలు బోలెడు బయటపడ్డాయి, మ్యూజియం కూడా ఉంది. ఎముకల ఊరు బొమ్మల ఊరు కూడా అయింది.

మధ్యాహ్నం ఎగ్జిబిషన్ గ్రౌండ్‌కి వెళ్లాం. పగటిపూట ఎగ్జిబిషన్‌ని ఎవరూ చూడకూడదు. లైట్లు లేవు, పాటలు లేవు, కొలంబస్ ఓడ మీద లుంగీలు ఆరేసి ఉన్నాయి. డైనోసార్ల డేరాలో అన్నిటికంటే పెద్దది స్పీకర్‌లో గర్జిస్తోంది, తోక ఆడిస్తోంది, నోరు మాత్రం తెరవడం లేదు. పళ్లు బిగబట్టి అరుస్తుంటే జాలేసింది. ముందు రోజు రాత్రి పిల్లలు దాని ముందు నిలబడి "నోరు తెరువ్, నోరు తెరువ్" అని కేకలేశారట. ఓనరుకి టెన్షన్ అందుకే.

దాని పక్కనున్న కొమ్ముల జంతువు అసలు కదలడమే లేదు. బావ దాని కాళ్ల దగ్గర కూర్చుని, జేబురుమాలుతో ఏదో తుడిచి లేచాడు. మేం ముందుకు నడవగానే అది తల ఎత్తింది. మనిషి వస్తే పసిగట్టే ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్ మీద దుమ్ము పట్టింది, అంతే. ఆ పనికి బావ డబ్బులు అడగలేదు, ఓనరూ ఇస్తాననలేదు.

పెద్దదాని దగ్గర మాత్రం సాయంత్రం అయింది. కొత్తగా బాగుచేసిన మోటార్ పెట్టినా దవడ కదల్లేదు. ఈ బొమ్మ లోపల ఇనుప చట్రం, దాని మీద మందపాటి ఫోమ్, పైన సిలికాన్ చర్మం. ఎక్కడా తలుపు లేదు. లోపల చెయ్యి పెట్టాలంటే చర్మం కోయాలి. మెడ కింద అప్పటికే ఒక పాత అతుకు ఉంది. బావ దాని వెంటే బ్లేడు నడిపాడు. ఫోమ్ పక్కకు తోసి, మల్టీమీటర్ పెట్టి చూస్తే సంగతి బయటపడింది. వైరు పైతొడుగు బాగానే ఉంది, లోపలి రాగి పోగులు తెగిపోయాయి. మెడ అటూ ఇటూ తిరిగే చోట వైరు రోజూ వేలసార్లు వంగుతుంది, ఒక్కో పోగే తెగుతూ పోతుంది. బయటి నుంచి ఎవడికీ కనపడదు. సన్న పోగుల మెత్తటి వైరు వేసి, కాస్త వదులుగా చుట్ట వదిలి, బావ మళ్లీ మూశాడు. నెట్టు గుడ్డ వేసి, దాని మీద సిలికాన్ పూసి, రంగు అద్దాడు.

"దీనికి ఒక జిప్పో, చిన్న డోరో పెడితే ఏం పోయింది?" అన్నాను.

"చేసెటోడు షోరూంల కనపడే అందం జూస్తడు బామ్మర్ది. బాగుచేసెటోని చెయ్యి యాడ దూరాల్నో ఆలోచించడు. చెయ్యి దూరే సందు లేకపోతే ఏ మిషినూ శానా రోజులు బతకది."

శనివారం, సాగర్

హాలియా దాటాక రోడ్డు సగం వడ్లకే. ఆరబోసిన ధాన్యం పక్కన రాళ్లు పేర్చి ఉంచారు, మిగిలిన సగంలో బస్సులూ లారీలూ మా బొలెరో సర్దుకుపోవాలి. పెద్దవూర దగ్గర టీ తాగి నాగార్జునసాగర్ చేరాం.

సాగర్‌లో బావకి పని లేదు. నా కోసమే ఆగాడు. 2022లో తెరిచిన బుద్ధవనం అనే బౌద్ధ పార్కు తిరిగి చూశాం, 274 ఎకరాలు, ఎండలో కాళ్లు పీకాయి. అందులో స్థూపం బాగుంది. దాని గురించి చాలామంది రాశారు కాబట్టి వదిలేస్తున్నాను.

డ్యామ్ దగ్గర మాత్రం బావ చాలాసేపు నిలబడ్డాడు. 26 క్రస్ట్ గేట్లు, ఒక్కోటి 45 అడుగుల వెడల్పు, 44 అడుగుల ఎత్తు. వరద రాకముందే వాటి ఇనుప తాళ్లకు గ్రీజు పెట్టాలి, రబ్బరు సీళ్లు చూసుకోవాలి. వరద వచ్చాక చేసేదేం ఉండదు. "మా పనే ఇది. సైజే పెద్దది," అన్నాడు. గేట్లు ఎత్తినప్పుడు ఊరంతా సెల్ఫీలకు వస్తుంది, గ్రీజు పెట్టేటప్పుడు ఒక్కడూ రాడు. ఇది ఆయన అన్న మాట కాదు, నాది.

ఈ నీళ్ల అడుగున పాత బౌద్ధ కట్టడాలుండే నాగార్జునకొండ లోయ ఉంది. 1955లో డ్యామ్‌కి శంకుస్థాపన జరిగింది. మునిగిపోయేలోగా లోయంతా తవ్వి, ముఖ్యమైన కట్టడాలు కొన్నిటిని రాయి రాయి విప్పి, కొండ మీదా, అవతలి ఒడ్డున అనుపు దగ్గరా తిరిగి కట్టారు. ఈ సంగతి చెబితే బావ మొహం వెలిగింది. విప్పి కట్టడం ఆయనకు తెలిసిన విద్య. విప్పేటప్పుడే ప్రతి ముక్కనూ గుర్తు పెట్టుకోకపోతే కట్టేటప్పుడు ఏడవాలి అన్నాడు. ఆ లెక్కన చికాగోలో 1893లో నిలబెట్టిన మొట్టమొదటి ఫెర్రిస్ వీల్ (మన జెయింట్ వీల్) కూడా జాతర సరుకే. 264 అడుగుల ఎత్తు, 36 డబ్బాలు, ఒక్కోదాంట్లో 60 మంది. దాన్ని విప్పి అదే ఊళ్లో ఇంకోచోట కట్టారు. మళ్లీ విప్పి, 1904 ప్రదర్శన కోసం సెయింట్ లూయిస్‌లో కట్టారు. 1906లో డైనమైట్ పెట్టి కూల్చేశారు.

ఆదివారం, దారిలో ఒక ఊరు, తర్వాత పాలమూరు

మల్లేపల్లి, దేవరకొండ, డిండి, కల్వకుర్తి, జడ్చర్ల. దేవరకొండ వైపు బత్తాయి తోటలు, కల్వకుర్తి వైపు పత్తి. తెల్ల పత్తి బస్తాలు కట్టుకుని పోయే ట్రాక్టర్ల వెనక చాలా దూరం పాకాం. రోడ్డు పక్కన బత్తాయిలు కొని, తొక్కలు బయటికి విసిరినందుకు బావ చేత తిట్లు తిన్నాను.

ఈ మధ్యలో ఒక ఊళ్లో పిల్లల పార్కు. పేరు రాయను, ఎందుకంటే ఇలాంటివి ఏ జిల్లాలో చూసినా ఉంటాయి. రంగుల రాట్నం, చిన్న ఓడ, చుట్టూ తిరిగే రైలు, తల ఊపే ఏనుగు. ప్రారంభోత్సవం శిలాఫలకం మాత్రం తళతళలాడుతోంది. ఏనుగు తల ఊపడం మానేసి చాలా కాలమైనట్టుంది, దాని చెవిలో కందిరీగలు గూడు పెట్టాయి. రైలుకి తాళం. ఓడ మాత్రం నడుస్తోంది. ఆదివారం కదా, పిల్లలు లైన్లో ఉన్నారు. అది ఊగినప్పుడల్లా ఒక చివర కిర్రుమంటోంది, దాన్ని ఒకసారి చూడమనే అక్కడి మనిషి బావను పిలిచాడు.

బావ ఓడను ఆపించి, కింద దూరి, వెంటనే బయటికొచ్చాడు. ఓడ వేలాడే ఇరుసు దగ్గర నట్లన్నిటికీ వెల్డింగ్ కొట్టేశారు. ఎందుకని అడిగితే, నట్లు దొంగలు ఎత్తుకుపోతున్నారట. అందుకని ఎవరూ విప్పకుండా అతికించేశారు. దొంగ విప్పలేడు, నిజమే. మెకానిక్కూ విప్పలేడు. లోపల బేరింగ్ ఎంత అరిగిందో, ఇరుసుకి పగులుందో లేదో చూడాలంటే కట్టర్ పెట్టి కోయడమే దారి. బావ గ్యాస్ కట్టర్ తేలేదు.

ఆయన ఆ మనిషితో అన్నది ఒక్కటే: "అన్నా, దీన్ని ఈరోజుకు బంద్ పెట్టు. కోసి చూసినంకనే తిప్పు." ఆ మనిషి మొహమాటంగా లైను వైపు చూశాడు. పిల్లల తండ్రులు మా వైపు చూశారు. చివరికి తాళం పడింది, మేం వెళ్లాక తీశారో లేదో చెప్పలేను. పై ఆఫీసుకి రాయించమని బావ ఒక కాగితం మీద వివరంగా రాసి, సంతకం పెట్టి, ఫోన్‌లో ఫోటో తీసుకున్నాడు.

కొనడానికి నిధులు వస్తాయి, టెండరు ఉంటుంది, రిబ్బన్ ఉంటుంది. ఏటా ఒక డబ్బా గ్రీజు, రెండు బేరింగులు కొనడానికి ఏ పద్దులో రాయాలో ఎవరికీ తెలియదు. మన పార్కుల్లో బొమ్మలు చచ్చిపోయేది ఇలాగే అని నా అనుమానం. పైగా ఆగిపోయిన ఏనుగుని చూసి అందరూ నవ్వుతారు, ఫోటో తీసి వాట్సాప్‌లో పెడతారు. దాని వల్ల ఎవరికీ గోరంత హాని లేదు. కిర్రుమంటూ నడిచే ఓడనే అందరూ బాగుంది అనుకుంటారు.

పొద్దుగూకే వేళకి మహబూబ్‌నగర్. పిల్లలమర్రి చూసి పడుకున్నాం. ఏడెనిమిది వందల ఏళ్ల మర్రి. 2017 చివర్లో కొమ్మ విరిగిపడి సందర్శకులను కొంతకాలం ఆపేశారు. చెదలు పట్టిన చెట్టుకి సెలైన్ సీసాలు వేలాడదీసి, సూదులతో మందు ఎక్కించారు, బరువైన కొమ్మలకు కింద దిమ్మెలు కట్టారు. మొదలు ఎక్కడో, ఊడ ఎక్కడో తెలియని చెట్టు అది. దాన్ని కనిపెట్టుకుని ఉండడం కూడా ఒక నౌకరీయే.

సోమవారం, కురుమూర్తి

దేవరకద్ర మీదుగా కురుమూర్తి. చిన్నచింతకుంట మండలం అమ్మాపురం దగ్గర కొండల నడుమ వెంకటేశ్వరస్వామి. దీపావళి తర్వాత మొదలయ్యే ఉత్సవాలు, వాటి వెంట రోజుల తరబడి జాతర. స్వామికి వడ్డేమాన్ గ్రామంలో తోలుతో ఉద్దాలు (పాదుకలు) కుట్టి ఊరేగింపుగా తెస్తారు. పాతవి ఉన్నాయి కదా అని ఏ ఏడూ మానరు.

కొండ కింద మైదానంలో జెయింట్ వీల్ కడుతున్నారు. కట్టడం నేనెప్పుడూ చూడలేదు, తిరగడమే చూశాను. ముందు నేల. దున్నిన చేను ఎండి గట్టిపడిన నేల అది, వాన పడితే ఏమవుతుందో తెలీదు. మేస్త్రీ పెద్దాయన. నీళ్లు నింపిన సన్న పైపు పట్టుకుని నాలుగు మూలలా లెవల్ చూస్తున్నాడు. తగ్గిన చోట చెక్క దిమ్మెలు, వాటి మీద జాకీలు. ఇనుప కాళ్ల మీద రంగుతో అంకెలు: నాలుగు కుడి, నాలుగు ఎడమ. ఏ ఊళ్లో విప్పినా అదే అంకె పక్కన అదే అంకె రావాలి. కాళ్లు నిలబెట్టి, ఇరుసు ఎక్కించి, చువ్వలు బిగించుకుంటూ పోయారు. ప్రతి పిన్నుకీ చివర స్ప్లిట్ పిన్ను దూర్చి, రెండు కొసలూ విడదీసి వంచారు. నట్టు మీంచి బోల్టు మీదకు తెల్ల రంగుతో ఒక గీత. నట్టు కొంచెం వదులైనా గీత విరిగినట్టు కనపడుతుంది, రోజూ పొద్దున పానా పట్టుకోకుండానే కంటితో చూసుకోవచ్చు.

జాతర రైడ్లంటే నాకు మొదటి నుంచీ భయం. తుప్పు, ఆయిల్ మరకలు, తాడుతో కట్టిన గొలుసులు. ఊళ్లో సిమెంటు దిమ్మె మీద కట్టిన పార్కే భద్రమని నమ్మేవాడిని. నిన్నటి వెల్డింగ్ నట్లు చూశాక, ఇవాళ ఈ అంకెలు చూశాక ఆ నమ్మకం తలకిందులైంది. జాతర రాట్నాన్ని ప్రతి ఊళ్లోనూ పూర్తిగా విప్పుతారు. విప్పినప్పుడు ప్రతి పిన్నూ ఎవరో ఒకరి చేతిలోకి వస్తుంది. అరిగితే తెలుస్తుంది, వంగితే తెలుస్తుంది. అయితే దీనికీ ఒక చీకటి వైపు ఉంది. విప్పి కట్టిన ప్రతిసారీ పిన్ను రంధ్రం కాస్త కాస్త పెద్దదవుతుంది. ఒక పిన్ను పారేసుకుంటే దాని స్థానంలో మేకు దూర్చే కుర్రాడూ ఎక్కడో ఒకచోట ఉంటాడు. రైడ్ల తయారీ నుంచి నిర్వహణ దాకా ఏం చేయాలో చెప్పే భారతీయ ప్రమాణం ఉంది, ఐఎస్ 15475. ఈ మేస్త్రీ దాని పేరు విన్నట్టు లేదు. కానీ అతను మేకు దూర్చే రకం కాదు.

బావ అసలు పని సాయంత్రం మొదలైంది. సంచీలోంచి మూడు స్ప్రే డబ్బాలు తీశాడు. మొదటిది తుడిచేది. రెండోది ఎర్ర రంగు. మూడోది తెల్ల పొడి. వీల్‌లో జనం కూర్చునే డబ్బాలు వేలాడే ఇనుప హ్యాంగర్లను ఒక్కొక్కటీ శుభ్రంగా తుడిచి, ఎర్రది కొట్టి, పది పదిహేను నిమిషాలు వదిలేసి, మళ్లీ తుడిచి, తెల్లది కొట్టాడు. వెల్డింగ్ బాగుంటే తెలుపు తెలుపుగానే ఉంటుంది. పగులుంటే అందులోకి దిగిన ఎరుపు తెలుపు మీదకు ఊరుతుంది. పైకి తెరుచుకున్న పగులే కనిపిస్తుంది దీనికి, లోపల దాగినది కాదు.

ఒక హ్యాంగర్ మీద, వెల్డింగ్ అంచున, సన్నటి ఎర్ర గీత వచ్చింది. వేలి గోరంత. అంతకుముందు నేను అదే చోట టార్చి వేసి చూశాను, నాకేమీ కనపడలేదు.

ఓనరు వచ్చాడు. చిన్న గీతే కదా, మీద ఒక వెల్డింగ్ చుక్క పెట్టమన్నాడు.

"పెడితే పగులు మూసుకుంటది సేటూ, పోదు. లోపల అట్లనే పెరుగుతది. హ్యాంగర్ మార్చాలె."

"సరే, ఆ ఒక్క డబ్బా తీసెయ్. మిగతాది నడిపిద్దాం."

అప్పటిదాకా మాట్లాడని మేస్త్రీ అప్పుడు అందుకున్నాడు. ఒక డబ్బా తీస్తే చక్రం ఒక పక్కకు బరువవుతుంది, మోటార్ మీదా బ్రేకు మీదా అదంతా పడుతుంది. దానికి ఎదురుగా ఉన్న డబ్బా కూడా తీయాలి. జనాన్ని ఎక్కించేటప్పుడు కూడా వరసగా నింపరు, ఒకటి నింపాక చక్రం సగం తిప్పి ఎదురుది నింపుతారు. మనం పైన ఆగి ఆగి వేలాడడానికి కారణం అదేనని నాకు అక్కడే తెలిసింది. ఓనరు ఏవో లెక్కలు వేసుకున్నాడు. రెండు డబ్బాలు, ఇంతమంది జనం, ఇన్ని రౌండ్లు. విసుక్కున్నాడు, అయినా రెండూ దింపించాడు. ముందు ఖాళీగా తిప్పారు, తర్వాత ఇసుక బస్తాలు వేసి తిప్పారు, తర్వాతే టికెట్లు.

సోమవారం రాత్రి, అక్కడే

వీల్ తిరుగుతుంటే నేను పక్కనున్న భూత్ బంగ్లాలో దూరాను. చీకటి సందు, చల్లటి గాలి, మినుకు మినుకు మనే లైటు, ఒక మూల నుంచి అస్థిపంజరం మీదకు దూకుతుంది. వెనక్కి వెళ్లి చూస్తే మోటార్ లేదు. గేరు పళ్లు ఊడిపోయి మోటార్ మూలన పడి ఉంది, పదిహేనేళ్ల కుర్రాడు స్టూలు మీద కూర్చుని తాడు లాగుతున్నాడు. మోటార్ ఉన్నప్పుడు టైము ప్రకారం దూకేదట, మనిషి ఉన్నా లేకపోయినా. ఇప్పుడు ఈ కుర్రాడు సందులోంచి చూసి, సరిగ్గా మొహం ఎదురుగా వచ్చాక లాగుతున్నాడు. అరుపులు రెట్టింపయ్యాయని గర్వంగా చెప్పాడు. నేనూ అరిచాను, దాచేదేముంది.

ఫ్లోరిడాలోని డిస్నీ యానిమల్ కింగ్‌డమ్‌లో ఎక్స్‌పెడిషన్ ఎవరెస్ట్ అని ఒక రైడ్ ఉంది. 2006లో తెరిచారు. కొండ లోపల యెతి అనే 25 అడుగుల మంచుమనిషి బొమ్మ, రైలు దాని కింది నుంచి దూసుకుపోతుంటే చెయ్యి చాపి కొట్టబోతుంది. కొంతకాలానికే దాని కదలిక ఆపేయాల్సి వచ్చింది. అప్పటి నుంచి దాని మీద గబగబా వెలిగి ఆరే స్ట్రోబ్ లైటు కొడుతూ కదులుతున్నట్టు భ్రమ కలిగిస్తున్నారు, అభిమానులు దానికి డిస్కో యెతి అని పేరు పెట్టారు. బాగు చేయాలంటే కొండను తెరవాలి, రైడ్‌ను చాలాకాలం మూయాలి, అందుకే వదిలేశారని చెప్పుకుంటారు. 1960ల నుంచీ మాట్లాడే పక్షి బొమ్మల్ని, లేచి నిలబడే లింకన్ బొమ్మని చేసి చూపించిన కంపెనీ అది. బావకి ఇది చెబితే ముందు నమ్మలేదు. ఫోన్‌లో వీడియో చూపించాక పడీ పడీ నవ్వాడు. "కొండ గట్టేటప్పుడే ఒక తలుపు పెట్టకపోయిండ్రా వాళ్లు గూడ?" అన్నాడు. కాసేపటికి గంభీరంగా, రైలు బ్రేకులు మాత్రం రోజూ చూస్తారా అని అడిగాడు. చూస్తారు, అలాంటి పార్కుల్లో రాత్రి మూశాక ఆ పని కోసమే మనుషులు దిగుతారు అన్నాను. "గట్లయితే నయమే. బొమ్మ ఆగితే ఆగనీ."

మంగళవారం, మహబూబ్‌నగర్

పొద్దున్నే పాత హ్యాంగర్ పట్టుకుని మహబూబ్‌నగర్ వర్క్‌షాపుకి వచ్చాం. అదే మందం ఇనుము, అదే కొలత. కొత్తది చేయించి, దాని మీద కూడా ఎర్ర రంగు పరీక్ష చేసి, పాతదాన్ని మళ్లీ ఎవరూ వాడకుండా కట్టర్‌తో రెండు ముక్కలు చేయించాడు బావ. మధ్యాహ్నానికి వెనక్కి వెళ్లి బిగించారు, దింపిన డబ్బాలు రెండూ పైకెక్కాయి.

లెక్క దగ్గర పేచీ వచ్చింది. ఇనుముకీ, వెల్డింగ్‌కీ, కూలికీ ఓనరు బేరం లేకుండా ఇచ్చాడు. మూడు స్ప్రే డబ్బాల ఖరీదు దగ్గర ఆగాడు.

"హ్యాంగర్ చేసినందుకు ఇస్తున్న కదా. పగులు చూపెట్టినందుకు గూడ పైసలా?"

మేస్త్రీ వెనక నుంచి, అవి నా కూలీలోంచి పట్టుకో సేటూ అన్నాడు. ఓనరు ఆయన వైపు ఒకసారి చూసి, జేబులోంచి ఇంకో రెండు నోట్లు తీసి బావ చేతిలో పెట్టాడు. పెట్టి, పక్కనున్న కొలంబస్ ఓడ వైపు చెయ్యి చూపించాడు.

"స్ప్రే డబ్బాలల్ల ఇంకా మిగిలిందా? మిగిల్తే దాని ఇరుసు మీద గూడ కొట్టి పో."